ఇగురం అంటే ఏమిటి, ఉపాయానికీ దానికీ తేడా ఎక్కడ?

ఇగురం అన్న తెలంగాణ మాట గురించి అడిగినవారిది రాజమండ్రి వైపు. పెళ్లయి నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గరి ఊరికి వచ్చారు. అత్తమ్మ రోజుకు పదిసార్లు "ఇగురంగ" అంటారట. నూనె దగ్గర, నీళ్ల దగ్గర, చుట్టాలతో మాట దగ్గర, అన్నిటికీ అదే మాట. మొన్న "ఇగురం లేని పిల్ల" అన్నారు. అది తెలివి తక్కువదనే తిట్టా అన్నది మొదటి ప్రశ్న. ఆఫీసులో హిందీ జుగాడ్‌కు (చేతిలో ఉన్నదానితో అప్పటికి పని గడుపుకునే కిటుకు) తెలుగు మాట వెతుకుతుంటే ఇంటాయన "ఇగురం అని పెట్టు" అన్నారు, అది సరైనదేనా అన్నది రెండోది. ఈ మాటకు రొయ్యల ఇగురుతో ఏమైనా చుట్టరికం ఉందా అన్నది మూడోది.

మూడోది తేలిక, ముందు దాన్ని తీసేద్దాం. ఇగురు వేరు, ఇగురం వేరు. కూరలో నీరు ఇంకి దగ్గరపడటం ఇగరడం, అలా చేసిన కూర ఇగురు. ఇగురం మాత్రం "వివరం" అనే మాట నోట్లో నలిగి తయారైంది. తెలంగాణ పల్లె నోట్లో మాట మొదట్లో ఉన్న "వి" తరచుగా "ఇ" అవుతుంది: విత్తనం ఇత్తనమైంది, విస్తరి ఇస్తారయింది, విను ఇను అయింది. మధ్యలో ఉన్న "వ" "గ"గా మారడమూ తెలుగుకు కొత్త కాదు. పవడం పగడమైంది. అట్లా వివరం ఇవరమై, ఇవరం ఇగురమైంది. కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ "ఇవరం గల్ల మనిషి" అనే అంటారు. రెండూ ఒకటే.

వివరం అంటే సంగతి కదా, అది తెలివి ఎట్లా అయిందని అడగొచ్చు. సంస్కృతంలో వివరం అంటే కన్నం, తెరిచి ఉన్న చోటు. మూసి ఉన్నదాన్ని తెరిచి చూపడం వివరణ. తెలుగులో అది "విడదీసి చెప్పిన సంగతి" అయింది. అక్కడి నుంచి "సంగతి విడివిడిగా తెలిసి నడుచుకోవడం" దాకా ఒక్క అడుగే. తమిళంలోనూ ఇదే జరిగింది. అక్కడ "వివరమాన ఆళ్" అంటే సంగతి తెలిసిన గడుసు మనిషి. కాబట్టి ఇది మన దగ్గర ఎవరో ఒకరు నోరు తిరగక అన్న వంకర మాట కాదు.

ఇప్పుడు తిట్టు సంగతి. "ఇగురం లేని పిల్ల" తిట్టే, కాని మీరు అనుకున్న తిట్టు కాదు. తెలివి లేదనడానికి ఇక్కడ వేరే మాటలు బోలెడున్నాయి. ఇగురం లేదంటే ఎంత వాడాలి, ఎప్పుడు ఆపాలి, తర్వాతకు ఏం మిగలాలి అన్న ఎరుక లేదని. పెద్ద చదువు చదివినవాళ్లనూ అనొచ్చు, అంటారు కూడా: "గంత సదువు సదివిండు గని, ఇగురం తెల్వది." ఆ వాక్యంలో చదువును తక్కువ చేయడం లేదు, చేతికి లెక్క రాలేదంటున్నారు.

వాడకంలో దీనికి కొన్ని పట్టింపులున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా వినబడే రూపం "ఇగురంగ". ఇగురంగ వాడు, ఇగురంగ పట్టు, ఇగురంగ ఒంపు, ఇగురంగ ఖర్చువెట్టు, ఇగురంగ మాట్లాడు, ఇగురంగ బతుకు. క్రియను బట్టి అర్థం జరుగుతుంది. "వాడు" ముందు వస్తే పొదుపు. "పట్టు", "దించు" ముందు వస్తే ఒలకకుండా, పగలకుండా అని. "మాట్లాడు" ముందు వస్తే నోరు జారకుండా, అవతలి మనిషి నొచ్చుకోకుండా అని. ఒకే మాటకు మూడు అర్థాలా అని నిఘంటువు చూసేవాళ్లు గాబరా పడతారు గాని, అనేవాళ్ల మనసులో అర్థం ఒక్కటే, దేన్నీ లెక్క దాటనియ్యకు అని. మూడు చోట్లా పొంగిపోయే వస్తువు మారుతుంది, అంతే.

నామవాచకంగా "ఇగురం ఉన్నది", "ఇగురం గల్ల మనిషి", "ఇగురం నేర్చుకో", "ఇగురం చెప్పు" అంటారు. దీనికి బహువచనం లేదు, "ఇగురాలు" అని ఎవరూ అనరు. ఉపాయాన్ని తీస్తారు, పన్నుతారు, అది తడుతుంది, దొరుకుతుంది, ఒక్కోసారి పారదు. ఇగురానికి ఈ క్రియలేవీ అతకవు. "నాకొక ఇగురం తట్టింది" అంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. ఇగురం అప్పటికప్పుడు వచ్చేది కాదు, మనిషిలో కుదురుకొని ఉండేది. జుగాడ్‌కు ఇగురం ఎందుకు పనికిరాదో ఈ ఒక్క సంగతే చెబుతుంది, అయినా దాని గురించి కింద వివరంగా రాస్తాను.

వంటింట్లో ఈ మాట మొత్తం అర్థంతో కనబడే చోటు గంజి వంచడం. ప్రెషర్ కుక్కర్ వచ్చాక చాలా ఇళ్లలో ఈ పని పోయింది గాని, మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. గ్లాసు బియ్యానికి నాలుగైదు గ్లాసుల ఎసరు. ఎసరు మరిగాక కడిగిన బియ్యం పోస్తారు. ఉడుకుతుండగా గరిటెతో నాలుగు మెతుకులు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తారు. మెతుకు మెత్తబడి నడుమ సన్నటి పలుకు మిగిలి ఉండాలి. అప్పుడు దించి, గిన్నె మీద సిబ్బి పెట్టి, మసిగుడ్డతో సిబ్బినీ గిన్నె అంచునూ కలిపి రెండు చేతులా బిగించి, మనిషికి అవతలి వైపుకు వంచుతారు. మొదట కొద్దిగానే వంచాలి. ముందు ఆవిరి పోవాలి, తర్వాత గంజి దారగా రావాలి. దార సన్నబడ్డాక ఇంకొంచెం వంచి, చుక్కలు ఆగేదాకా అట్లాగే ఉంచాలి. మళ్లీ పొయ్యి మీద సన్నటి సెగన రెండు నిమిషాలు పెడితే మిగిలిన తడి పోయి, ఆ పలుకు కూడా ఉడికిపోతుంది.

ఎక్కడ చెడుతుందో చూడండి. పలుకు ఎక్కువుండగా వంచితే అన్నం బిరుసుగా మిగులుతుంది, సన్నటి సెగ దాన్ని బాగుచేయలేదు. పలుకు పూర్తిగా పోయాక వంచితే గంజితో పాటు మెతుకు పిండిపిండిగా జారి సిబ్బి కన్నాలు మూసుకుంటాయి, గంజి దిగదు, ముద్దన్నమవుతుంది. ఒక్కసారిగా వంచితే లోపలి బరువంతా సిబ్బి మీద పడి అది జరుగుతుంది, కాళ్ల మీద గంజి పడి బొబ్బలెక్కుతాయి. మసిగుడ్డ తడిగా ఉంటే వేడి దాన్ని దాటి చేతికి తగిలి, నడుమలో గిన్నె వదిలేయాల్సి వస్తుంది. "ఇగురంగ ఒంపు బిడ్డా" అన్న మూడు మాటల్లో ఈ జాగ్రత్తలన్నీ ఉన్నాయి. పైగా వంచిన గంజిని మోరీలో పోస్తే మళ్లీ "ఇగురం లేదు" అంటారు. ఇంత ఉప్పేసుకొని తాగొచ్చు, నూలు చీరలకు పెట్టొచ్చు, బర్రె ఉంటే కుడితిలో కలపొచ్చు. ఒడుపు, అదును, పొదుపు మూడూ కలిసిన మాట ఇది. ఈ మూడింటికీ కలిపి ఒక్క పేరు నాకు తెలిసి పుస్తకాల తెలుగులో లేదు. "ఇంగిత జ్ఞానం" దగ్గరికి వస్తుంది గాని, గిన్నె వంచే మనిషితో "ఇంగిత జ్ఞానంతో వంచు" అని ఎవరంటారు?

నీళ్ల దగ్గర అత్తమ్మ ఆ మాట ఎందుకు అంటారో ఆ ప్రాంతపు నేల తెలిస్తే అర్థమవుతుంది. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. అంతకు మించి ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పడుతుంది, కీళ్లు బిగుస్తాయి, ఎముకలు వంకర పోతాయి. అందుకే మిషన్ భగీరథ (ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే సర్కారు పథకం) నల్లాలు రాకముందు నీళ్లు రెండు తీర్లుగా ఉండేవి: తాగనూ వండనూ కృష్ణ నీళ్లు, తానానికీ గిన్నెలకూ బోరు నీళ్లు. కృష్ణ నీళ్లు కొనుక్కునో, దూరం నుంచి మోసుకొచ్చుకునో దాచుకునేవి. ఆ బిందెలో చెంబు ముంచి చేతులు కడిగితే అది ఇగురం లేని పని. నల్లా వచ్చినా మాట అలవాటు పోలేదు, పోవాల్సిన పని కూడా లేదు.

ఇక్కడ ఇగురుకూ ఇగురానికీ ఒక తమాషా కలయిక ఉంది. బోరు నీళ్లు కాచి తాగితే మంచివనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. క్రిములకు అది నిజమే. ఫ్లోరైడ్ మాత్రం కాస్తే పోదు. నీరు ఇగిరిపోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న పది లీటర్ల నీళ్లను కాచి ఎనిమిది లీటర్లు చేస్తే అది 3.75 అవుతుంది. అంటే మేలు చేయబోయి చిక్కని ఫ్లోరైడ్ నీళ్లు తాగినట్టు. కాయడం ఉపాయమే, ఏ జబ్బుకో తెలుసుకోకుండా చేసిన ఉపాయం.

నల్లగొండ పేరుతోనే లోకమంతా తెలిసిన పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు రూపొందించారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేరనిచ్చి, పైనీళ్లను వడకట్టుకోవడం. చూడటానికి బురద నీళ్లలో పటిక తిప్పినట్టే ఉంటుంది గాని, వేయాల్సిన పటిక ఎంతన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ దిగదు, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. దీన్ని "నల్లగొండ పద్ధతి" అంటారు. "నల్లగొండ ఉపాయం" అనరు, అనకూడదు కూడా. కొలతలు రాసి పెట్టి, ఎవరు చేసినా అదే ఫలితం వస్తే అది పద్ధతి. చేసే మనిషిని బట్టి ఫలితం మారితే ఒడుపో ఇగురమో అవుతుంది.

ఇప్పుడు ఉపాయం. మీ జుగాడ్‌కు తెలుగు ఇదే. సంస్కృతంలో ఉప అంటే దగ్గర, దానికి పోవడం అనే ధాతువు చేరి "దగ్గరికి చేర్చేది" అయింది. అదే ధాతువుకు అప చేరితే, అంటే దూరంగా పోతే, అపాయం. ఈ రెండు మాటలూ తోడబుట్టినవి. ఊళ్లో వాటి చుట్టరికం చూడాలంటే మోటరు దగ్గరికి పోవాలి.

ఆటోస్టార్టర్ సంగతి దక్షిణ తెలంగాణలో వ్యవసాయం చేసే ఏ ఇంటికైనా తెలుసు. ఒకప్పుడు పొలానికి త్రీఫేజ్ కరెంటు విడతలుగా, అందులో ఒక విడత రాత్రిపూట వచ్చేది. అర్ధరాత్రి చీకట్లో బాయికాడికి పోయి మోటరు వేయాలంటే పాము భయం, తేలు భయం, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకునే భయం. అందుకని కరెంటు రాగానే మోటరు దానంతటదే నడిచేటట్టు ఆటోస్టార్టర్ పెట్టారు. ప్రాణం కాపాడిన ఉపాయం అది, దాన్ని తప్పుపట్టలేం.

చిక్కు ఎక్కడంటే, ఆ ఉపాయం ఒకరికి కాదు, అందరికీ ఒకేసారి తట్టింది. లెక్క చూడండి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ త్రీఫేజ్‌లో ఒక్కో ఫేజుకు సుమారు 35 ఆంపియర్లు మోయగలదు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు నడిచేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది, అంటే నాలుగు మోటర్లకు 32. సరిపోయింది. కాని నేరుగా లేపితే మోటరు మొదటి క్షణాల్లో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. నాలుగూ ఒకే క్షణంలో లేస్తే 160 నుంచి 190 ఆంపియర్లు. వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టేజి పడితే మోటరుకు బలం చాలదు, తిరగలేక మూలుగుతుంది. మూలిగేకొద్దీ ఆ ఎక్కువ కరెంటు ఇంకాసేపు లాగుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం. ఫ్యూజు మాటిమాటికి పోతోందని ఎవరో లావు తీగ కట్టి ఉంటారు (అదీ ఒక ఉపాయమే), అప్పుడు మోటరు వైండింగో ట్రాన్స్‌ఫార్మరో కాలుతుంది. కాలిన మోటరు బోరులోంచి తీయడానికి మనుషులు, తీసుకపోయి చుట్టించడానికి రోజులు, ఆ లోపల ఎండే చేను.

ఇది కాక రెండోది. మనిషి దగ్గర లేడు కాబట్టి బోరులో నీళ్లు అయిపోయినా మోటరు నడుస్తూనే ఉంటుంది. సబ్‌మెర్సిబుల్ మోటరును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. ఆ నీళ్లు కిందికి పోతే వేడెక్కి లోపలి బేరింగులు, తర్వాత వైండింగు పోతాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలయ్యాక ఆటోస్టార్టర్లు తీసేయమని సర్కారు ఊరూరా చెప్పింది ఇందుకే. అవి అట్లాగే ఉంటే మోటర్లు రాత్రింబవళ్లు నడిచి భూమిలో నీళ్లు అడుగంటుతాయి.

ఇదే చోట ఇగురం గల రైతు ఏం చేస్తాడంటే, ముందు తన బోరును చదువుకుంటాడు. ఎన్ని నిమిషాలు నిండుగా పోస్తుంది, ఎప్పుడు ఆగి ఆగి పోయడం మొదలుపెడుతుంది, మళ్లీ ఊరడానికి ఎంతసేపు కావాలి. నలభై నిమిషాలు పోసి గంటన్నర ఊరే బోరైతే దానికి తగ్గట్టే వేస్తాడు, తీస్తాడు. ఆ నీళ్లను చూసి ఎకరం వరి పెట్టాలా, రెండు మూడెకరాలు ఆరుతడి పంట పెట్టాలా అన్నది నాటుకు ముందే తేల్చుకుంటాడు. ట్రాన్స్‌ఫార్మర్ కింది మిగతా ముగ్గురితో మాట్లాడి వంతు పెట్టుకుంటాడు. టైమర్ పెట్టక తప్పని చోట, ఒకరిది రెండు నిమిషాలకు, ఇంకొకరిది నాలుగు నిమిషాలకు, మరొకరిది ఆరు నిమిషాలకు లేచేటట్టు పెడితే ఆ 190 ఆంపియర్ల గొడవే ఉండదు. ఈ పనుల్లో ఒక్కటి కూడా చూసేవాళ్లకు "అబ్బ, ఏం తెలివి" అనిపించదు. ఇగురానికి చప్పట్లు పడవు. మోటరు కాలలేదని ఎవరు గమనిస్తారు?

అందుకని జుగాడ్‌కు ఇగురం పెట్టొద్దు. తెగిన బెల్టు బదులు పాత చీర ముక్క మెలిపెట్టి కట్టి ఆ పూట గడుపుకోవడం ఉపాయం, దాన్నే జుగాడ్ అంటున్నాం. బాయి మోటరుకు ఫుట్‌బాల్ (మీ వైపు ఫుట్‌వాల్వు అంటారేమో, పైపు అడుగున నీళ్లు కిందికి జారకుండా ఆపే తోలు మూత) పట్టు విడిచి నీళ్లు దిగిపోతుంటే పైపులో పేడనీళ్లు పోయడమూ అంతే. పేడలోని పీచు తోలుకూ అంచుకూ నడుమ సందులో చిక్కి ఆ పూటకు పట్టు ఇస్తుంది, మోటరు నీళ్లెత్తుకుంటుంది. వారం పోతే పీచు కుళ్లి మళ్లీ మొదటికొస్తుంది. తోలు మార్చాలని అప్పుడే రాసి పెట్టుకున్నవాడిది ఇగురం. పేడనీళ్లతో ఏడాది నెట్టుకొచ్చినవాడిది ఉపాయమే గాని, అది ఉత్త అతుకు.

ఉపాయం అంటే అతుకేనని మాత్రం అనుకోకండి, ఆ మాటకు అంతకంటే గౌరవం ఉంది. పోచంపల్లి చీరకు నూలు మీద చిటికి కట్టే (రంగు అంటకుండా ముడులు వేసే) ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో పాతిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి, అందుకే ఆడవాళ్లకు భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి బాధ చూసి, ఏళ్లు పట్టి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు, తల్లి పేరుతో దాన్ని లక్ష్మీ ఆసు యంత్రమన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇటువంటి దాన్ని ఊళ్లో "మంచి ఉపాయం తీసిండు" అంటారు. "మంచి ఇగురం" అనరు. కొత్తది కనిపెట్టడం ఉపాయం వైపు మాట. జుగాడ్ అన్న మాటకు హిందీలో ఉన్న నవ్వులాటతనం ఉపాయానికి లేదు కాబట్టి, మీ ఆఫీసు వాక్యంలో ఆ నవ్వు కావాలనుకుంటే "జుగాడు" అనే రాసేయండి, అందరికీ తెలుస్తుంది. నవ్వు అక్కర్లేకుంటే ఉపాయం.

ఇరుగుపొరుగు మాటలు ఇంకొన్ని ఉన్నాయి, వాటిలో మీరు పొరబడేది "ఉషారు". మీ వైపు హుషారు అంటే ఉత్సాహం, సందడి. ఇక్కడ "పిలగాడు సదువుల ఉషారున్నడు" అంటే తెలివైనవాడని. పార్శీలో హోష్ అంటే తెలివి, స్పృహ. అది కలవాడు హోష్‌యార్. నిజాం ఏలుబడిలో ఉర్దూ చుట్టూ ఉండటం వల్ల ఇక్కడ ఆ పాత అర్థమే నిలిచింది. టీచరు మీ బాబును ఉషారంటే అల్లరి చేస్తున్నాడని కంగారు పడొద్దు. కాని "శాన ఉషారు జేస్తున్నవ్" అంటే అతితెలివి చూపిస్తున్నావని, అప్పుడు కంగారు పడొచ్చు.

ఒడుపు చేతి పని. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు మోకును పైకి విసిరి బరువు మార్చడంలో ఉండేది ఒడుపు. ఎన్ని చెట్లు గీస్తే పొద్దెక్కేలోపు దిగొచ్చు, ఏ చెట్టును ఈ ఏడు వదిలేయాలి అన్నది ఇగురం. లౌక్యం మనుషులతో పని జరుపుకోవడం, అందులో కాస్త సొంత లాభం వాసన ఉంటుంది. "ఇగురంగ మాట్లాడు"లో ఆ వాసన లేదు. పిల్లను అడగడానికి పోయే ముందు పెద్దమనిషికి "జర ఇగురంగ మాట్లాడు బావా" అంటే, కట్నం ఊసు తొందరపడి తీయకు, వాళ్ల ఇంటి పాత గొడవ కదపకు అని.

ఎవరు ఎవరిని అనొచ్చు అన్నది కూడా చూసుకోవాలి. పెద్దవాళ్లు చిన్నవాళ్లను, సమానమైనవాళ్లు ఒకరినొకరు అంటారు. కోడలు అత్తను "ఇగురంగ పోయండి అత్తమ్మా" అంటే మాటగా తప్పు లేదు, కాని వినే చెవికి గుచ్చుకుంటుంది, ఇగురం నేర్పేది పెద్దరికం గనుక. అక్కడ "పైలం" అనండి. "పైలం అత్తమ్మా, కాలుతది" అంటే జాగ్రత్త అని, ప్రేమగానే ఉంటుంది. ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. "ఇగురం లేని" అన్న మాట ఎక్కువగా ఆడపిల్లల మీదే పడుతుంది. అదే తప్పు కొడుకు చేస్తే "వానికి లెక్కలేదు" అని సగం మురిపెంగా అంటారు. చిట్టీ డబ్బు తాగి తగలేసిన మగవాడికి ఇగురం లేదనరు, నూనె రెండు చెంచాలు ఎక్కువ పోసిన కోడలికి అంటారు. మాటలో తప్పు లేదు, పంచే చేతిలో ఉంది.

రాసేటప్పుడు "ఇగురం" అనే రాయండి. "యిగురం" అని కొందరు రాస్తారు, అవసరం లేదు. చదివేవారు కోస్తావాళ్లయితే మొదటిసారి వచ్చినచోట వాక్యంలోనే అర్థం తెలిసేటట్టు చూడండి, లేకుంటే కూర గుర్తొస్తుంది. "ఉన్న నాలుగు బిందెలు సాయంత్రం దాకా రావాలె, ఇగురంగ వాడు" అని రాస్తే ఇక వివరణ అక్కర్లేదు.

ఇక రేపు అత్తమ్మ "ఇగురంగ" అన్నప్పుడు "సరే" అని ఊరుకోకండి. "ఎంత పొయ్యాలె అత్తమ్మా?" అని అడగండి. ఇగురం అన్న ప్రతిచోటా అనేవాళ్ల దగ్గర ఒక కొలత ఉంటుంది, అడిగితేనే బయటికొస్తుంది: "గీ డబ్బ పున్నమి దాక రావాలె", "కూరకు గంటెడు శాలు", "బిందె అడుగున జానెడు ఉండంగనే నల్లా కోసం చూడు." ఆ మూడు కొలతలూ తెలిశాక అదే వంటింట్లో ఆ మాట వినబడటం సగానికి సగం తగ్గుతుంది.